పుల్ల విరిగితే దొరకని చక్రం నాకొద్దు

లక్షకు పైగా పోసి కొన్న చక్రాల జత, ఒక్క పుల్ల విరిగినందుకు నెల దాటి గోడకు ఆనించి ఉంది. మాతో కలిసి తొక్కే ఒక కుర్రాడిది. ఉద్యోగంలో చేరాక చేతికొచ్చిన మొదటి బోనస్ మొత్తం దాంట్లోనే పెట్టాడు. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక ఒక స్పీడ్‌బ్రేకర్ దగ్గర వెనక చక్రంలో టప్‌మని శబ్దం వచ్చింది. ఉన్న 20 పుల్లల్లో ఒకటి పోయింది. చక్రం ఒక పక్కకు లాగేసి ఫ్రేముకు రాసుకోవడం మొదలైంది. ఆ సైకిలును కూరగాయల బండిలో వేసుకుని అడవి దాటి రావలసి వచ్చింది. కొన్న షాపుకు వెళ్తే, "ఆ పుల్ల మా దగ్గర ఉండదు సార్, కంపెనీకి రాశాం" అన్నారు. ఇంకా రాస్తూనే ఉన్నారు. అమ్మేటప్పుడు పదిహేను వాట్లు మిగులుతాయని గంటసేపు చెప్పినవాళ్ళు, పుల్ల విరిగితే ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పలేదు.

నాకు కోపంగా ఉంది. ఈ కోపం ఆ ఒక్క షాపు మీద కాదు. సైకిలు కొన్న ఆరు నెలలకే "ఇక చక్రాలు మార్చాలి" అని ప్రతి కొత్త రైడర్ చెవిలోనూ ఊదుతున్న మొత్తం వ్యాపారం మీద. మన రోడ్ల మీద, మన వేగంలో, వెనకాల కారు లేకుండా తొక్కే మనిషికి వేగమైన చక్రం ఒకటే. పుల్లలన్నీ సమంగా బిగించినది, మన ఊళ్ళోనే బాగు చేయించుకోగలిగినది, మంచి టైరు తొడిగిన అల్యూమినియం చక్రం. అలాంటి మనిషికి లోతు రిమ్ముల కార్బన్ చక్రాన్ని అప్‌గ్రేడ్ పేరుతో అంటగట్టడం దగా. దీనికి ఇంతకంటే మెత్తని మాట నేను వాడను.

బ్రోషరులో అచ్చేసే వాట్ల లెక్క ఎక్కడ పుడుతుందో చూడండి. విండ్ టన్నెల్లో, సాధారణంగా గంటకు 45 కిలోమీటర్ల వేగం దగ్గర. అది ప్రొఫెషనల్ రేసుల్లో గుంపు దూసుకుపోయే వేగం. ఆదివారం చీకటితోనే లేచి బయల్దేరే మనం ట్రాఫిక్కు, గతుకులు, ఎత్తుపల్లాలు అన్నీ కలుపుకుంటే 25 దగ్గర ఉంటాం. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 45ని 25తో భాగిస్తే 1.8, దాని ఘనం 5.8. అంటే టన్నెల్లో 15 వాట్లు మిగిల్చిన చక్రం మన కాళ్ళకు మిగిల్చేది సుమారు రెండున్నర వాట్లు. పదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. అమ్మేవాళ్ళకు తెలియక కాదు. కొనేవాడు వేయడని ధైర్యం.

దీనికి వాళ్ళ దగ్గర ఒక జవాబుంది. నెమ్మదిగా తొక్కేవాడు రోడ్డు మీద ఎక్కువసేపు ఉంటాడు కాబట్టి అతనికి నిమిషాల్లో లాభం ఎక్కువే అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు, కాబట్టి దాన్ని పక్కకు నెట్టకుండా లెక్క కడదాం. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు. గంటకు 25 చొప్పున 200 కిలోమీటర్లకు ఎనిమిది గంటలు. ఆ వేగానికి కాళ్ళు పెట్టే శక్తి దాదాపు 100 వాట్లు. అందులో రెండున్నర మిగిలితే వేగం ఒక శాతం పెరుగుతుంది. ఎనిమిది గంటల మీద ఐదు నిమిషాలు. 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే నిర్ణీత సమయంలో ముగించాల్సిన దూర ప్రయాణానికి, ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. దారిలో ఇడ్లీ కోసం ఆగితే ఐదు నిమిషాల్లో ప్లేటు కూడా రాదు.

ఇప్పుడు అదే లెక్క టైరు మీద వేయండి. సైకిలుతో పాటు వచ్చే చవక టైరుకూ, మెత్తటి అల్లికతో చేసిన మంచి రేసు టైరుకూ దొర్లడంలో ఉండే తేడా మామూలుగా బరువులో వెయ్యికి రెండు వంతులు, చాలాసార్లు అంతకంటే ఎక్కువ. 85 కిలోల మీద, 25 వేగంలో అది పదకొండు వాట్ల పైమాటే. లోతు రిమ్ము ఇచ్చేదానికి నాలుగింతలు! అదే 200 కిలోమీటర్ల మీద ఇరవై నిమిషాలు. ధర చూస్తే చక్రాల ఖరీదులో ఒక మూలకు కూడా రాదు. పైగా 25 మి.మీ. బదులు 28 గానీ 30 గానీ వేసుకుని గాలి కాస్త తగ్గిస్తే, గరుకు తారు మీద ఒళ్ళు హూనం కాకుండా వేగం నిలబడుతుంది. ఇంత లాభం టైరులో ఉంటే ముందు రిమ్ము ఎందుకు చూపిస్తారు? టైరులో మిగిలే డబ్బు తక్కువ కాబట్టి.

బరువు సంగతి కూడా తేల్చేస్తాను. అరకిలో తేలికైన చక్రాలు అంటారు. 85 కిలోల్లో అరకిలో అంటే 0.6 శాతం. అరగంట పట్టే ఘాట్‌లో అది మిగిల్చేది పది సెకన్లు. తిరిగే బరువు రెండింతలతో సమానం అనే మాట వేగం పుంజుకునే క్షణాలకే వర్తిస్తుంది. ఒకే తీరున తొక్కుతున్నప్పుడు రిమ్ములో ఉన్న గ్రాముకూ, వీపున ఉన్న గ్రాముకూ తేడా లేదు. సీసాలో నీళ్ళు అరలీటరు తక్కువ పోసుకుంటే అంతే తగ్గుతుంది, ఆ పని మాత్రం మన ఎండల్లో ఎవరూ చేయకండి.

ఇక నమ్మకం మాట. నా అసలు తగాదా ఇక్కడే ఉంది.

చక్రం ఎలా నిలబడుతుందో తెలియకుండా చక్రం కొనకూడదు. జాబ్స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు 1981లో చక్రం మీద ఒక పుస్తకమే రాశాడు. అందులో ఆయన వివరించిన సంగతి చాలామందికి ఈ రోజుకీ నమ్మబుద్ధి కాదు. పుల్లలన్నీ ముందే గట్టిగా లాగి బిగించి ఉంటాయి. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు నేలకు దగ్గరగా ఉన్న పుల్లల్లో ఆ లాగుడు కొంచెం తగ్గుతుంది. చక్రం బరువు మోసే విధానం అదే. ప్రతి చుట్టులోనూ ప్రతి పుల్లా ఒకసారి వదులై మళ్ళీ బిగుస్తుంది. చుట్టుకు 2.1 మీటర్ల చొప్పున 200 కిలోమీటర్లకు దాదాపు 95 వేల సార్లు. ఒక రోజులో. పుల్ల విరగడానికి కారణం చాలాసార్లు ఆ రోజు తగిలిన దెబ్బ కాదు. చాలినంత బిగించని పుల్ల నెలల తరబడి వదులవుతూ బిగుస్తూ, హబ్బు దగ్గర వంగిన చోట సన్నటి పగులు పట్టి, చివరికి ఏదో స్పీడ్‌బ్రేకర్ మీద పోతుంది. నేరం స్పీడ్‌బ్రేకర్ మీద పడుతుంది. అసలు తప్పు చక్రం కట్టిన రోజే జరిగిపోయింది.

వెనక చక్రంలో ఈ కష్టం ఇంకా ఎక్కువ. గేర్ల చక్రాలకు చోటివ్వడానికి రిమ్మును చెయిన్ వైపుకు జరపాలి. దాంతో చెయిన్ వైపు పుల్లలు 110, 120 కిలోల లాగుడులో ఉంటే అవతలి వైపువి చాలా చక్రాల్లో అందులో సగంతోనే ఉంటాయి. పుల్లలు ఎన్ని తగ్గితే ఒక్కోదాని మీద బాధ్యత అంత పెరుగుతుంది. 32 పుల్లల చక్రంలో ఒకటి పోతే చక్రం కొంచెం ఊగుతుంది, మెల్లగా ఇల్లు చేరొచ్చు. 20లో ఒకటి పోతే ఆ కుర్రాడికి పట్టిన గతే. మన పాత 28 అంగుళాల సైకిలు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు ఎందుకు ఉండేవో ఆలోచించండి. బస్తాలు వెనక ఎక్కుతాయి కాబట్టి. బరువు ఎక్కడ పడుతుందో అక్కడ పుల్ల పెంచాలనే ఇంగితం ఈ దేశంలో ప్రతి సైకిల్ షాపుకూ ఉండేది. ఇవాళ లక్షల సరుకు అమ్మేవాడు 90 కిలోల మనిషికి 20 పుల్లల వెనక చక్రం ఇచ్చి పంపిస్తున్నాడు. బరువెంత అని ఒక్క మాట అడగడు.

సికింద్రాబాద్‌లో ఒక సందులో చక్రాలు కట్టే ఉస్తాద్ ఉన్నారు. వయసు పైబడింది, చూపు మందగించింది. నేను తీసుకెళ్ళిన చక్రాన్ని స్టాండులో పెట్టి, బెండు చూడకముందే బొటనవేలి గోరుతో పుల్లలు ఒక్కొక్కటీ మీటుకుంటూ పోయారు. టింగ్, టింగ్, టింగ్, తర్వాత ఒకటి మొద్దుగా మోగింది. అక్కడ ఆగారు. "సార్, రిమ్ము సీదా కనవడుతుంది గానీ ఈ పుల్ల నిద్రవోతుంది. పక్కది దీని బరువు గూడ మోస్తుంది. ముందు అదే తెగుతది" అన్నారు. ఎదురెదురు పుల్లలను జతలుగా రెండు చేతులా పట్టుకుని గట్టిగా పిండారు. ఎక్కడో మెలి తిరిగి ఇరుక్కున్న పుల్ల టిక్కుమని సర్దుకుంది. మళ్ళీ మీటారు, మళ్ళీ తిప్పారు. పుల్లను రిమ్ముకు బిగించే నిపిల్‌ను పావు తిప్పు, ఎనిమిదో వంతు తిప్పు. దీన్నే బ్రాంట్ పుస్తకం పనిగట్టుకుని చెప్పింది. కట్టిన చక్రంలో పుల్లలను ఇలా జతలుగా పిండితే, వంపుల దగ్గర మిగిలిపోయిన ఒత్తిడి పోయి ఆయుష్షు పెరుగుతుందని. ఈయన ఆ పుస్తకం చూడలేదు. పని చేస్తూ నేర్చుకున్నారు. ఆయన కూలి, కార్బన్ చక్రాలు అమ్మే షాపులో కాఫీకి అయ్యేదానికంటే పెద్ద ఎక్కువేం కాదు. మన దగ్గర ఇంత విద్య ఉండగా దాన్ని పంక్చర్ షాపు అని తీసిపారేసి, పెట్టెలో వచ్చిన చక్రానికి దండం పెడుతున్నాం. ఆయన తర్వాత ఆ స్టాండు ముందు కూర్చునేవాళ్ళు ఎవరూ కనిపించడం లేదు. ఇందులో మన తప్పు లేదని నేను ఒప్పుకోను.

రేసుల పేరు చెప్పి నా నోరు మూయించాలని చూసేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాటా విందాం. ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో సిటీలో గంటలో 49.431 కి.మీ. తొక్కింది మామూలు పుల్లల చక్రాల మీద. 1984లో అదే ఊళ్ళో ఫ్రాన్చెస్కో మోజర్ డిస్క్ చక్రాలతో 51.151కి చేరాడు. కాబట్టి చక్రం ఆకారం వేగాన్ని పెంచుతుంది, కాదనను, కానీ అది యాభై కిలోమీటర్ల వేగం దగ్గర సంగతి. కార్బన్ బలహీనమైనదని కూడా నేననను. పారి-రూబే రేసు రాళ్ళ దారుల మీద ఏళ్ళ తరబడి 32 పుల్లల అల్యూమినియం చక్రాలే రాజ్యమేలాయి. 2010లో ఫాబియన్ కాంచెలారా కార్బన్ చక్రాల మీద ఆ రేసు గెలిచాడు. బాగా చేసిన కార్బన్ రిమ్ము గట్టిదే. కానీ కాంచెలారా వెనక జట్టు కారు ఉంది, కారులో చక్రాలున్నాయి. సాయంత్రం ఆ చక్రాన్ని పరీక్షించే మెకానిక్ ఉన్నాడు, పోతే కొత్తది ఇచ్చే కంపెనీ ఉంది. అర్ధరాత్రి 400 కిలోమీటర్ల బ్రెవేలో కర్నూలు హైవే పక్కన నిలబడ్డవాడికి ఎవరున్నారు? బ్రెవే నియమాల ప్రకారం కంట్రోల్ పాయింట్ల మధ్య బయటి సహాయ వాహనం ఉండకూడదు కూడా. అతని వర్క్‌షాపు అతని జేబులో ఉంది. ఆ జేబులో సరిపోయే చక్రం కావాలి అతనికి.

అదే హైవే మీద ఇంకొకటి చూశాను. లోతు రిమ్ము ముందు చక్రంతో వెళ్తున్న తేలికపాటి మనిషిని పక్కనుంచి దూసుకెళ్ళిన కంటైనర్ లారీ గాలి ఒక్క ఊపున ఎడమకు నెట్టి, మరుక్షణం కుడికి లాగింది. హ్యాండిల్ అతని చేతిలో లేదు. విశాఖ బీచ్ రోడ్డు నుంచి భీమిలి వైపు సముద్రపు గాలిలో తొక్కేవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద సైకిల్ ట్రాక్ ఉంది, అక్కడ లారీలు లేవు. అలాంటి చోటా, టైమ్ ట్రయల్, ట్రయథ్లాన్ పోటీల్లోనూ 40 దగ్గర తొక్కేవాళ్ళు లోతు రిమ్ములు వేసుకోండి, అది వాటి చోటు. మిగతావాళ్ళు వేసుకుంటే పెనాల్టీ కట్టేది వాళ్ళ ఎముకలే.

అన్నింటికంటే నన్ను మండించేది హుక్‌లెస్ రిమ్ము. రిమ్ము అంచులో టైరును పట్టి ఉంచే చిన్న కొక్కెం ఉండేది. దాన్ని తీసేశారు. అచ్చు సులువవుతుంది, తయారీ ఖర్చు తగ్గుతుంది. కొనేవాడికి మాత్రం కొత్త టెక్నాలజీ అని చెబుతారు. ఈ రిమ్ములకు అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన గాలి హద్దు 5 బార్లు, అంటే 72.5 పీఎస్ఐ. మన రైడర్లలో చాలామంది వంద కొట్టే అలవాటులో ఉన్నారు. ముళ్ళ భయం, గుంతల భయం, ఎవరో సీనియర్ చెప్పిన మాట. ఆ అలవాటుతో ఈ రిమ్ములోకి వస్తే ఏమవుతుందో అమ్మేవాడు చెప్పాలా వద్దా? ఎండ సంగతి కూడా ఉంది. తెల్లవారుజామున 25 డిగ్రీల్లో 72 కొట్టిన టైరు, మధ్యాహ్నం తారు మీద 45కి వేడెక్కితే లోపల గాలి 78 దగ్గరికి పోతుంది. మనం ఏమీ చేయకుండానే హద్దు దాటిపోయింది. వెంటనే ఊడిపోతుందని కాదు. ప్రాణం నిలిచే చోట మనకు ఇచ్చిన వెసులుబాటు ఎంత సన్నదో చూడమంటున్నాను.

2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ రేసులో టోమాస్ డి గెంట్ అనే ప్రొఫెషనల్ రైడర్ కింద పడ్డాడు. హుక్‌లెస్ రిమ్ము మీంచి ముందు టైరు ఊడిపోయింది. చక్రాలు, టైర్లు ఇచ్చినవాళ్ళు రాయి తగలడమే కారణమన్నారు. ప్రొఫెషనల్ రైడర్ల సంఘం అప్పటి అధ్యక్షుడు ఆడమ్ హాన్సెన్ ఈ రిమ్ములను బహిరంగంగానే వ్యతిరేకించాడు. రాయి తగలడమే కారణమైనా నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే మన రోడ్ల మీద రాయి లేనిదెక్కడ? మూసేసిన రోడ్డు మీద, నిపుణుడు గాలి చూసి ఇచ్చిన చక్రానికే ఆ గతి పడితే, పెట్రోలు బంకు కంప్రెషర్‌తో గాలి కొట్టించుకుని కంకర లారీల వెనక తొక్కే మనవాడికి ఆ రిమ్ము ఎందుకు అమ్ముతున్నారు? కొక్కెం ఉన్న రిమ్ములు ఇంకా తయారవుతున్నాయి. అవే అడగండి.

కొనే చక్రంలో ఏం చూడాలో చెబుతాను. రిమ్ము అల్యూమినియం, కొక్కెం ఉన్నది, లోపలి వెడల్పు 19 నుంచి 21 మి.మీ. అయితే 28 టైరు చక్కగా కూర్చుంటుంది. మనిషి 75 కిలోల లోపుంటే వెనక 28 పుల్లలు చాలు, 85 దాటితే 32కి తగ్గవద్దు. పుల్ల హబ్బు దగ్గర వంపు తిరిగే మామూలు రకమే కావాలి, ఎందుకంటే అది ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, లేకపోతే పొడవుది కొని కోయించి మర వేయించుకోవచ్చు. మధ్యలో సన్నబడే పుల్ల దొరికితే ఇంకా మంచిది, దెబ్బను సాగి తట్టుకుంటుంది. నిపిల్ ఇత్తడిదే. అల్యూమినియం నిపిల్ చక్రానికి సుమారు ఇరవై గ్రాములు మిగిల్చి, రెండు వానాకాలాలకు, అదీ విశాఖ, నెల్లూరు ఉప్పు గాలికి, తెల్లగా పొడి పట్టి పుల్లకు అతుక్కుపోతుంది. తర్వాత తిప్పితే గుండ్రంగా అరిగిపోతుంది, ఇక ఆ చక్రాన్ని ఎవరూ సరిచేయలేరు. రిమ్ము లోపల దాక్కుని, టైరు విప్పితే తప్ప అందని నిపిల్ ఉన్న చక్రాన్ని చేత్తో కూడా ముట్టుకోవద్దు. హబ్బులో బేరింగు మామూలు నంబరుది కావాలి. 6902 అని చెబితే రాణిగంజ్‌లో బేరింగు షాపువాడు లోపలికి చూడకుండా తీసిస్తాడు. ఆ కంపెనీ తప్ప ఇంకెవరూ చేయని సైజు బేరింగు పెట్టారంటే, మీరు కొన్నది చక్రం కాదు, ఆ కంపెనీకి జీవితకాలం కట్టే కిస్తీ.

ఇలాంటి జత చేతితో కట్టించుకుంటే ఆ పెట్టె చక్రాల ధరలో మూడో వంతు దగ్గర తేలుతుంది. మిగిలిన డబ్బుతో రెండేళ్ళకు సరిపడా మంచి టైర్లు. కట్టించిన చక్రాన్ని మూడు నాలుగు వందల కిలోమీటర్లు తొక్కాక మళ్ళీ ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళాలి, పుల్లలు సర్దుకున్నాక లాగుడు ఒకసారి సమం చేయించాలి. ఆ పని ఎగ్గొట్టకండి.

సీనియర్ రైడర్లకు ఒక మాట. గ్రూపులో కొత్తవాడు ఫోటో పెడితే, చక్రాలు చూసి "ఇంకా స్టాక్ వీల్సేనా బ్రో" అనడం మానండి. ఆ ఒక్క వ్యాఖ్య పోస్టరు చేయలేని అమ్మకం చేసిపెడుతుంది. కుర్రాడు అప్పు చేసి కొంటాడు, రోడ్డు పక్కన నిలబడతాడు, మీరప్పటికి ముందు ఊరు దాటిపోయి ఉంటారు. అతన్ని ఒకసారి చక్రం తిప్పి పుల్లలు మీటి చూడమనండి. టైరు మార్చుకోమనండి. మీకు తెలిసిన ఉస్తాద్ ఫోన్ నంబరు ఇవ్వండి.

షాపులవాళ్ళను నేను అడిగేది ఒక కాగితం. అందులో ఎడమ పుల్ల పొడవు ఎంత, కుడి పుల్ల పొడవు ఎంత, ఒక్కో వైపు లాగుడు ఎంతకు బిగించారు, బేరింగు నంబరేంటి, గాలి హద్దు ఎంత, ఎంత బరువు మనిషి వరకు ఈ చక్రం పనికొస్తుంది అని రాసి సంతకం పెట్టాలి. గాలి హద్దు తెలుగులో రాయాలి, ఎందుకంటే గాలి కొట్టేది ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాగితంతో పాటు ప్రతి పొడవులో మూడేసి పుల్లలు, నిపిళ్ళు ఒక కవరులో పెట్టి ఇవ్వాలి. ఖర్చు రెండు మూడు వందలు. లక్ష రూపాయల బిల్లులో అది కలపలేనివాడికి చక్రాలు అమ్మే అర్హత లేదు. కొనేవాళ్ళు ముందు ఆ కాగితం, ఆ కవరు అడగండి, అవి చేతికొచ్చాకే కార్డు తీయండి.